దేవుడితో మాటల్లేని పెద్దమ్మ

బల్ల మీద సుద్దతో గీసిన గీతను నిచ్చెన పుస్తకాలు మళ్ళీ దాటేశాయి.

ఆ గీత పెళ్ళయిన కొత్తలో సరదాకి గీసుకున్నది. ఇంట్లో రాసుకునే బల్ల ఒక్కటే. ఇటు గువ్వ, అటు నిచ్చెన. గువ్వ అన్నది మొగుడు ముద్దుగా పెట్టిన పేరు. నిచ్చెన అన్నది అతని పొడుగు చూసి క్లాసంతా కలిసి పెట్టిన పేరు. మతాల అధ్యయనంలో ఎమ్మే చేస్తూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, ఇప్పుడు ఒకే బల్లకి ఎదురెదురుగా కూర్చుంటున్నారు. అత్తయ్య బట్టలు కత్తిరించడానికి వాడే నీలం సుద్ద అడిగి తెచ్చుకుని, నడిమధ్యన గీత గీసి, దాటినవాళ్ళు టీ పెట్టాలని పందెం వేసుకున్నారు. ఓడిపోవడానికి ఇద్దరూ పోటీ పడిన రోజులవి. ఉదయాన్నే రెండు గ్లాసుల్లోంచి పొగ లేస్తుంటే, ఆ పొగ గీత దాటిందని కూడా పోట్లాడుకునేవారు.

ఫెలోషిప్ ఫలితం వచ్చినప్పటి నుంచి ఆ పందెం ఎవరూ గుర్తు చెయ్యడం లేదు.

పీహెచ్‌డీ సీట్లు ఇద్దరికీ వచ్చాయి. నెలనెలా డబ్బు వచ్చే ఫెలోషిప్ మాత్రం శాఖ మొత్తానికీ ఒక్కటే. అది నిచ్చెనకి వచ్చింది. ఎవరికి వస్తే వాళ్ళు చదవాలి, రెండోవాళ్ళు ఉద్యోగం వెతుక్కోవాలి అని ముందే ఒప్పందం. ఆ ఒప్పందం పెట్టింది గువ్వే. తనకే వస్తుందన్న ధీమాతో పెట్టింది. ఎమ్మేలో మొదటి ర్యాంకు ఆమెది. పరీక్షల ముందు ఆమె నోట్సు చూసి చదివినవాడు అతను.

"ఇవి కాస్త అటు జరుపుకో" అంది.

"అట్టలు వేస్తున్నానుగా, అయ్యాక జరుపుతాను."

"నావి ఒళ్ళో పెట్టుకుని చదవమంటావా?"

అతను తలెత్తి చూశాడు. ఏదో అనబోయి, పుస్తకాలన్నీ ఎత్తి నేల మీద పెట్టాడు. అలా పెట్టడం ఆమెకి ఇంకా మండింది. పోట్లాడితే బావుండు. గెలిచినవాడికి తగ్గడమంత సుఖమైన పని ఇంకోటి లేదు.

నిన్న కూడా అంతే చేశాడు. వచ్చే ఏడాది నువ్వు మళ్ళీ ప్రయత్నించొచ్చు గువ్వా, ఈలోపు ఎక్కడైనా చిన్న ఉద్యోగం చూద్దాం అన్నాడు, జ్వరం వచ్చిన పిల్లకి చెప్పినట్టు. అప్పటి నుంచి ఆమె అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఫెలోషిప్ లేకపోయినా సీటు ఉంచుకుంటారా వదులుకుంటారా అన్నది ఆమె రేపటిలోగా యూనివర్సిటీకి చెప్పాలి. వదులుకోమని ఇంట్లో ఎవరూ అనలేదు. ఉంచుకోమనీ ఎవరూ అనలేదు.

ఆమెకి తన మీద తనకే అసహ్యంగా ఉంది. ఈ మనిషంటే ప్రాణం. అతని తడి తువ్వాలు తలుపు మీద ఆరేసి ఉంటే చూసి నవ్వుకునే పిల్ల. ఒకే కప్పులో రెండు పళ్ళ బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటే, సరిచెయ్యకుండా అలాగే ఉంచే పిల్ల. కానీ నిన్న స్నానాలగదిలోంచి అతను ఈల వేస్తుంటే, వినబడకుండా వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పేసింది. కొత్త గుర్తింపు కార్డు మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. ఎవరూ చూడడం లేదనుకుని రెండోసారి చూసుకున్నాడు. ఆ రెండోసారిని ఆమె క్షమించలేకపోయింది.

ముందుగదిలో అత్తయ్య మిషను తొక్కుతోంది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, మా వాడికి దేవుళ్ళ గురించి చదువుకోమని నెలనెలా జీతమిస్తున్నారు అని చెబుతోంది. దేవుళ్ళ గురించి చదవడానికి జీతమేమిటని ఒకావిడ అడిగితే, "పూజ చేసేవాడికి దక్షిణ ఇవ్వరా, ఇదీ అంతే" అంది. ఆ మాట గువ్వకి నవ్వు తెప్పించింది. పక్కగదిలో నిచ్చెనకీ నవ్వొచ్చింది. గోడకి అటూ ఇటూ ఇద్దరూ ఒకేసారి నవ్వి, ఒకేసారి ఆపేశారు.

సాయంత్రం ప్రొఫెసర్ మేడం వస్తోంది. ఆవిడకి ఒక అలవాటుంది. పరిశోధన చేసే విద్యార్థి ఏ కుర్చీలో కూర్చుని రాస్తాడో కళ్ళారా చూడనిదే గైడ్‌గా సంతకం పెట్టదు. కిటికీ ఎటుంది, దీపం ఎటుంది, ఇంట్లోవాళ్ళ గొంతులు ఎంత గట్టివి, అన్నీ చూస్తుంది. ఇల్లు చూడడానికి వచ్చే పెళ్ళివారికంటే కష్టమని శాఖలో జోకు. ఆవిడ సంతకం పడితేనే ఫెలోషిప్ మొదలవుతుంది.

గువ్వ బల్ల తుడిచింది. కుర్చీ కాలి కింద అట్టముక్క పెట్టింది. తనకి దక్కని చదువుకి తనే ఆసనం సర్దుతున్నానని అనుకుంది. అనుకుని, అట్టముక్క తీసేసి, మళ్ళీ పెట్టింది.

మేడం వచ్చీ రాగానే అత్తయ్య మిషను దగ్గర ఆగింది. జాకెట్టు చంక దగ్గర కుట్టు ఎందుకు విడిపోతుందో అడిగి తెలుసుకుంది. తర్వాత లోపలికి వచ్చి నిచ్చెన కుర్చీలో కూర్చుంది. కుర్చీ కదల్లేదు. గీతకి ఇవతల వైపు గువ్వ పుస్తకాలు చూసి, ఈ సగం ఎవరిదని అడిగింది. నాదేనండీ అంది గువ్వ. మేడం "ఊఁ" అని ఊరుకుంది. ఆ ఊఁ ఎక్కడో గుచ్చుకుంది.

టీ పెట్టడానికి గువ్వ వంటింట్లోకి వెళ్తే మేడం వెనకే వచ్చింది.

"నీకో మాట చెప్పాలని ఉందమ్మా. నలుగురిలో చెప్పేది కాదు."

గువ్వ మంట తగ్గించింది.

"నువ్వు మంచి విద్యార్థివి. ఫెలోషిప్ నీకే ఇద్దామని ముగ్గురం అనుకుంటూ కూర్చున్నాం. కానీ మీ ఆయన చెప్పిన కథే నువ్వొచ్చి మళ్ళీ చెప్పావు. మాకు చాలా బాధేసింది. భార్యాభర్తల మధ్య ఎన్నో పంచుకుంటారు, కాదనను. ఇంటర్వ్యూలో జవాబు పంచుకోకూడదు. వచ్చే ఏడాది నీదేదో నువ్వు తెచ్చుకో."

టీ పొంగింది. గువ్వ చూడలేదు. మేడమే చెయ్యి చాచి పొయ్యి ఆర్పింది.

"ఏ కథండీ?"

"అదేనమ్మా, నర్సు కథ."

మేడం దాన్ని మళ్ళీ చెప్పింది, నిచ్చెన చెప్పినట్టుగా. ఆసుపత్రిలో నర్సు. ఊళ్ళో వాళ్ళందరి బిడ్డలకీ జ్వరాలు తగ్గించిన మనిషి, ఒక్కగానొక్క కొడుకుని జ్వరానికే పోగొట్టుకుంది. అంతకుముందు రోజూ డ్యూటీ దిగాక, వార్డు చివర ఉండే చిన్న ప్రార్థన గదిలో కాసేపు కూర్చుని వెళ్ళేది. కొడుకు పోయాక మానేస్తుందనుకున్నారు. మానలేదు. అదే వేళకి వెళ్తుంది. దేవుడికి వీపు పెట్టి, తలుపు వైపు తిరిగి, అంతసేపూ కూర్చుంటుంది. చేతులు జోడించదు. లేచి వచ్చేస్తుంది. ఎందుకు వెళ్తున్నావని అడిగితే ఒకటే అంటుంది. "ఆయనకీ నాకూ మాటల్లేవు. అంతమాత్రాన రాకపోకలు మానుకుంటామా?"

"మా పెద్దమ్మ అంటూ అతను ఆ మాట చెప్పినప్పుడు నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను" అంది మేడం. "తను రాసి తెచ్చిన అంశం పక్కన పెట్టించాం. దేవుడి మీద అలగడం కూడా ఆరాధనేనా? ఇదే నీ పరిశోధన అన్నాం. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అంశం ఇంకా ఖరారు కాలేదన్నాడు.

గువ్వ టీ వడకట్టింది. ఒక్క చుక్క కింద పడలేదు. పడితే బావుండేదని తర్వాత అనుకుంది.

ఆ పెద్దమ్మ గువ్వ పెద్దమ్మ. అమ్మకి స్వయానా అక్క. చిన్నప్పుడు ఆ ప్రార్థన గది గుమ్మంలో పెద్దమ్మ లేచే దాకా కాళ్ళూపుకుంటూ కూర్చున్నది గువ్వ. పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం, బయట వాన పడుతుంటే, మొగుడి మోచెయ్యి తలకింద పెట్టుకుని అతనికొక్కడికే చెప్పింది. చెప్పి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఇలాంటి మొగుడు దొరికినందుకు ఆ రోజంతా గాల్లో తేలింది.

ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్న వేశారు. పుస్తకాల్లో లేని భక్తి ఎక్కడైనా చూశారా అని. నిచ్చెనని ముందు పిలిచారు, ఆమెని తర్వాత. ఆమె జవాబు ఆమెకి అక్షరం అక్షరం గుర్తుంది. "నాకు తెలిసిన ఒక బంధువు విషయంలో" అని మొదలుపెట్టింది. పరిశోధకులు అలాగే మాట్లాడాలనుకుంది. వరస చెబితే సొంత గోడులా ఉంటుందని, పెద్దమ్మని బంధువు చేసేసింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నచ్చిందనుకుంది. బయటికొచ్చి, వరండాలో నిలబడ్డ నిచ్చెన చొక్కా గుండీ పట్టుకుని ఊపుతూ, పెద్దమ్మ కథ చెప్పేశాను తెలుసా అంది.

అతను అప్పుడేమన్నాడు? నీళ్ళు తాగుతావా అన్నాడు.

ముందుగదిలో మేడం టీ తాగి, సంచీలోంచి కాగితాలు తీసి, పెన్ను మూత విప్పింది. నిచ్చెన నిలబడే ఉన్నాడు. అత్తయ్య మిషను ఆపి, కొడుకు జీవితంలో పడబోయే సంతకం చూడడానికి దారం తెంపుకుని వచ్చింది.

"మొదటి పనిగా మీ పెద్దమ్మగారిని కలుద్దాం" అంది మేడం అతనితో. "ఈ ఊళ్ళోనే ఉంటారా?"

నిచ్చెన నోరు తెరిచాడు. ఈలోపు అత్తయ్య నవ్వేసింది.

"వీడికి పెద్దమ్మెక్కడి నుంచి వస్తుందమ్మా? మా అమ్మకి నేనొక్కదాన్నే. మా ఆయన వైపు చూసినా ఆయనే పెద్ద. పెద్దమ్మ కావాలంటే ఇప్పుడు కుట్టి ఇవ్వాలి."

ఎవరూ నవ్వకపోయేసరికి అత్తయ్య అందరి మొహాలూ చూసింది.

ఒక్క మాట చాలు. మా పెద్దమ్మేనండీ, పెళ్ళయ్యాక ఆయనకీ పెద్దమ్మే కదా అంటే చాలు. మేడం నవ్వి ఊరుకునేది. అతను బతికిపోయేవాడు. ఆ మాట గువ్వ నాలుక చివరే ఉంది. నిచ్చెన ఆమె వైపు చూశాడు. అలా చూడడం పెళ్ళయ్యాక ఇదే మొదలు, మునిగేవాడు ఒడ్డు వైపు చూసినట్టు.

ఆమె ట్రే తీసుకుని ఖాళీ కప్పులు అందులో సర్దింది. ఒకటి, దాని పక్కన ఇంకొకటి.

మేడం చూపు అతని మీది నుంచి ఆమె మీదికి వచ్చి, చాలాసేపు అక్కడే ఆగింది. ఇందాక వంటింట్లో అన్న మాటలు ఆవిడకి తిరిగి వినిపిస్తున్నట్టున్నాయి. నెమ్మదిగా పెన్నుకి మూత పెట్టింది.

"రేపు పొద్దున్న ఇద్దరూ నా గదికి రండి. మాట్లాడేది మాత్రం ఒక్కరే. ఇద్దరూ మాట్లాడితే నాకు మళ్ళీ రెండు కథలు తయారవుతాయి. ఎవరు మాట్లాడతారో ఇంట్లో తేల్చుకోండి."

తప్పు జరిగిందని తేలితే ఏమవుతుందండీ అని నిచ్చెన అడిగాడు. కమిటీ ముందు పెట్టాలని చెప్పింది ఆవిడ. పెడితే మీ ఇద్దరి పేర్లూ పక్కకి పోయి, తర్వాత ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు అంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అత్తయ్యకి టీ బావుందని చెప్పి వెళ్ళిపోయింది.

"నేనేమన్నాను?" అంది అత్తయ్య. "లేని అక్కని ఉందనాలా? ముందే చెప్పి ఏడిస్తే, ఉందనేదాన్నిగా."

కొడుకు తల వంచుకుని గదిలోకి వెళ్ళాడు. కోడలు ట్రే ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్ళింది. అత్తయ్య మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తొక్కలేదు. ఆ ఇంట్లో పనివేళ మిషను అంతసేపు ఆగడం గువ్వ ఎప్పుడూ చూడలేదు.

గదిలో తలుపు దగ్గరగా వేశాక అతనే ముందు మాట్లాడాడు. కావాలని చెప్పలేదన్నాడు. ఆ ముగ్గురి ముందు కూర్చోగానే చదివిందంతా ఆవిరైపోయిందట. పుస్తకాల్లో లేని భక్తి అనేసరికి పెద్దమ్మ తప్ప ఇంకేం గుర్తురాలేదట. మన బల్ల, మన కిటికీ, మన టీ అనుకుని అనుకుని, మా పెద్దమ్మ అని కూడా నోట్లోంచి అలాగే వచ్చేసిందట.

"అంతవరకూ నమ్ముతాను" అంది గువ్వ. "నేను బయటికొచ్చి నీ గుండీ పట్టుకుని చెప్పానే. అప్పుడు?"

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అప్పటికి ఫలితం రాలేదుగా. నీకే వస్తుందనుకున్నాను. వస్తే ఇక చెప్పాల్సిన పనే ఉండదనుకున్నాను."

"నాకు రాలేదు. మరి?"

"భయమేసింది."

"ఎవరిని చూసి? నన్ను చూసా?"

"నువ్వు నన్ను చూసే చూపు పోతుందని."

ఇంకో రోజైతే ఆ మాటకి కరిగి నీరైపోయేది. ఇప్పుడూ లోపల ఏదో కదిలింది. కానీ దానికంటే ముందు, మేడం కళ్ళద్దాలు తుడుచుకోవడం కళ్ళముందుకొచ్చింది.

ఫెలోషిప్ పోయినందుకు కాదు ఈ మంట. ఇప్పుడే అర్థమైంది ఆమెకి. అతను దొంగిలించినందుకు కూడా కాదు. ఇంట్లో దొంగ ఇంట్లోనే ఉన్నాడు, అడిగి పుచ్చుకోవచ్చు. గుమ్మంలో కూర్చుని పెద్దమ్మ మొహాన్ని ఎదురుగా చూసింది తను. పెద్దమ్మ చేతి మందుల వాసన తెలిసింది తనకి. అయినా తను చెబితే ముగ్గురూ మొహాలు చూసుకున్నారు, అతను చెబితే కన్నీళ్ళొచ్చాయి. ఆ గదిలో తను బంధువు అంది, అతను పెద్దమ్మ అన్నాడు. పెద్దమ్మ కూడా ఆ రోజు అతని పక్షానే వెళ్ళి కూర్చుందేమో అనిపించింది.

"ఎలా చెప్పావు?" అంది.

"ఏంటి?"

"అక్కడ చెప్పినట్టు చెప్పు. నాకు వినాలనుంది."

వద్దులే గువ్వా అన్నాడు. చెప్పమంది. అతను నేల చూస్తూ మొదలుపెట్టాడు, ఆపేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. డ్యూటీ దిగిన నర్సు చెప్పులు చేతిలో పట్టుకుని నడవడం గురించి చెప్పాడు. ఆ చెప్పుల సంగతి గువ్వే చెప్పింది, ఎప్పుడో, మాటల్లో. ఇంటర్వ్యూలో తను వదిలేసింది. చిన్న విషయమనుకుంది.

వింటూ వింటూ ఆమె కళ్ళు తడయ్యాయి. తన పెద్దమ్మ కథకి తనే, వేరేవాళ్ళ పెద్దమ్మ కథ విన్నట్టు. కొంగుతో గట్టిగా తుడుచుకుంది. ఇంత కుళ్ళు తనలో ఉందని పెళ్ళికి ముందు తెలిస్తే, చేసుకునేవాడా ఈ మనిషి?

అతను కథ ఆపి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. పట్టుకోనివ్వలేదు. విదిలించనూ లేదు.

"రేపు నేనే మాట్లాడతాను" అన్నాడు. గొంతు తేరుకుంది. "మొత్తం చెప్పేస్తాను. ఆ వాన మధ్యాహ్నం దగ్గర్నుంచి. నా మోచేతి మీద తలపెట్టి నువ్వు చెప్పడం, వరండాలో నువ్వు నవ్వుతూ వచ్చి గుండీ పట్టుకోవడం, నేను నీళ్ళు కావాలా అని అడగడం. నీ నవ్వు చూసి కూడా నోరు తెరవలేకపోయానని చెబుతాను. ఫెలోషిప్ నీకే ఇమ్మంటాను. ఇవ్వకపోతే నా సీటు కూడా వెనక్కి తీసుకోమంటాను."

చెబుతుంటే అతని చేతులు కదులుతున్నాయి. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాడు. నీళ్ళు కావాలా అన్న దగ్గర గొంతు కాస్త తగ్గించాడు. అబద్ధం ఒక్కటి లేదు. ప్రతి మాటా నిజం. ఆ నిజం వింటూ, బల్లకి అటువైపు మేడం మళ్ళీ కళ్ళద్దాలు తియ్యడం గువ్వకి స్పష్టంగా కనిపించింది. ఎంత మంచి కుర్రాడు అనుకోవడం వినిపించింది. ఆ గదిలో ఒక మూల, ఆ మంచి కుర్రాడి భార్యగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తను కనిపించింది.

"వద్దు" అంది.

"ఏం వద్దు?"

"నువ్వు చెప్పొద్దు."

"మరి నిజం తెలియక్కర్లేదా?"

"అది కూడా నువ్వు నాకంటే బాగా చెబుతావు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇందాక ముందుగదిలో చూసిన చూపు కాదిది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"రేపు మాట్లాడేది నేను" అంది గువ్వ.

"ఏం చెబుతావు?"

మా పెద్దమ్మ అని మొదలుపెడుతుంది. అంతవరకూ తెలుసు. దాని తర్వాత వచ్చే వాక్యం, మొగుణ్ణి నిలబెట్టేదో ముంచేదో, ఎంత వెతికినా ఆమెకి దొరకలేదు.